ఫీల్డ్ స్ట్రీట్ ఆలుమగలు

ఈసారి కాస్త పెద్ద వ్యాసం. నేను తెలుగులో రాసినవాటిలో ఇదే పొడుగైనది. మూడు వారాలు పట్టింది. ఒక్కో పేరా రాజమండ్రిలో ఉన్న అమ్మమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. ఆవిడ "అలా అనరే అమ్మలూ" అన్నచోటల్లా దిద్దుకున్నాను. ఇంకా తప్పులుంటే అవి నావే.

మీది ఏ ఊరు?

కొత్తగా కలిసిన తెలుగువాళ్ళు పేరు తర్వాత అడిగే మొదటి ప్రశ్న ఇది. గుడిలో అడుగుతారు, పెళ్ళిలో అడుగుతారు, ఉగాది భోజనాల వరుసలో ప్లేటు పట్టుకుని కూడా అడుగుతారు. మా నాన్న వెంటనే "రాజమండ్రి దగ్గరండీ" అంటారు. ఆయన అక్కణ్ణుంచి వచ్చేసి 31 ఏళ్ళయింది. మిషిగన్‌లో ఒకే ఇంట్లో 24 ఏళ్ళుగా ఉంటున్నారు. అయినా ఆ ప్రశ్నకి జవాబుగా ఈ ఊరి పేరు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

నన్నడిగితే "డెట్రాయిట్" అంటాను. అది పూర్తిగా నిజం కాదు. మేముండేది డెట్రాయిట్‌కి పడమటి వైపు శివారులో. చిన్నప్పుడు మేం డెట్రాయిట్ ఊళ్ళోకి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బెల్ ఐల్ దీవికి పిక్నిక్‌కి రెండుసార్లు, మ్యూజియానికి బడివాళ్ళతో ఒకసారి. ఊరి పొలిమేర దాటగానే అమ్మ "తలుపులు లాక్ పడ్డాయా?" అని అడిగేది. పొలిమేర అంటే ఊరి సరిహద్దు. ఈ మాట నాకు చాలా ఇష్టం.

పోయిన నవంబరులో ఇంటికి ఓటు కాగితాలు వచ్చాయి. నాన్న పైన ఉన్న పెద్ద పదవులకి ఓటు వేసి, కాగితం వెనక్కి తిప్పకుండానే కవరులో పెట్టేశారు. వెనకవైపు స్కూల్ బోర్డు ఉంది, ఊరి పన్నులు ఉన్నాయి. "అవి వదిలేశారేం నాన్నా?" అన్నాను. "అవన్నీ మనకెందుకు తల్లీ, మన ఊరు కాదు కదా" అన్నారు. కోపంగా అనలేదు. చాలా మామూలుగా అన్నారు.

ఆ మామూలుతనమే నాలో ఉండిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను గ్రేస్ లీ బాగ్స్ ఆత్మకథ చదువుతున్నాను. ఆవిడా, ఆవిడ భర్త జిమ్మీ బాగ్స్, ఇద్దరూ వేరే చోట్ల పుట్టి డెట్రాయిట్ వచ్చినవాళ్ళే. పెళ్ళయ్యాక ఆయన చనిపోయేదాకా 40 ఏళ్ళు ఆ ఊరి పనులు ఇద్దరూ కలిసి చేశారు. ఆ తర్వాత ఆవిడ ఒక్కరే ఇంకో 22 ఏళ్ళు చేశారు. వాళ్ళ గురించి తెలుగులో చెప్పాలనిపించింది.

ఒక చిన్న మాట. ఇద్దరినీ "ఆయన", "ఆవిడ" అనే రాస్తున్నాను. పేరు వచ్చిన ప్రతిసారీ "గారు" పెడితే చదవడం బరువవుతుందని వదిలేశాను. అమ్మమ్మ ఒప్పుకోలేదు, కానీ క్షమించింది.

ఆవిడ

గ్రేస్ 1915 జూన్ 27న రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో పుట్టారు. తల్లిదండ్రులు చైనా నుంచి వచ్చినవాళ్ళు. నాన్నకి చైనా భోజన హోటలు ఉండేది. ఆ హోటలు పైన మేడ మీదే కాపురం. పసిపాపగా గ్రేస్ ఏడిస్తే, ఆడపిల్లే కదా, కొండ మీద వదిలేయమని హోటల్లో పనివాళ్ళు అనేవారట. వాళ్ళమ్మకి చదవడం, రాయడం రాదు.

ఆ ఆడపిల్ల బార్నర్డ్ కాలేజీలో చదివి, 1940లో బ్రిన్ మార్ కాలేజీ నుంచి తత్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. కానీ ఉద్యోగం దొరకలేదు. ఆ రోజుల్లో పెద్ద దుకాణాల్లో కూడా ఆసియావాళ్ళని తీసుకోబోమని ముఖం మీదే చెప్పేవారు. చివరికి షికాగో విశ్వవిద్యాలయం తత్వశాస్త్రం లైబ్రరీలో వారానికి 10 డాలర్ల పని దొరికింది. ఆ జీతంతో ఇల్లు అద్దెకి తీసుకోవడం కుదరదు. ఎవరింట్లోనో నేలమాళిగలో అద్దె లేకుండా ఉన్నారు. అక్కడ నిండా ఎలుకలు.

ఆవిడ జీవితం మలుపు తిరిగింది ఆ ఎలుకల వల్లే. ఎలుకలున్న ఇళ్ళ మీద పోరాడుతున్న అద్దెవాళ్ళ సంఘం ఒకటి ఆ చుట్టుపక్కల ఉండేది. గ్రేస్ అందులో చేరారు. మొదటిసారిగా నల్లజాతి ఇరుగుపొరుగుతో కూర్చుని మాట్లాడారు. ఆ సమయంలోనే, 1941లో, ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ అనే కార్మిక నాయకుడు ఒక ప్రకటన చేశారు. యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీల్లో నల్లవాళ్ళకి పని ఇవ్వకపోతే వేలమందితో వాషింగ్టన్‌కి ఊరేగింపుగా వస్తామన్నారు. ఊరేగింపు జరగకముందే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దిగివచ్చి, ఆ ఫ్యాక్టరీల్లో జాతి వివక్ష కూడదని ఉత్తర్వు ఇచ్చారు. మామూలు మనుషులు కలిస్తే ఎంత పని జరుగుతుందో గ్రేస్ కళ్ళారా చూశారు. ఇక జీవితమంతా ఇదే చేస్తానని అప్పుడే నిర్ణయించుకున్నారు.

ఆయన

జేమ్స్ బాగ్స్‌ని అందరూ జిమ్మీ అనేవారు. ఆయన 1919 మే 27న అలబామా రాష్ట్రంలో మారియన్ జంక్షన్ అనే పల్లెలో పుట్టారు. ఆ పల్లెలో చదువు రాని పెద్దవాళ్ళు చాలామంది. చిన్నప్పుడే జిమ్మీ వాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేవారు. హైస్కూలు అయ్యాక గూడ్సు రైళ్ళెక్కి ఉత్తరాదికి వచ్చారు. 1940లో డెట్రాయిట్‌లో జెఫర్సన్ ఎవెన్యూ మీదున్న క్రైస్లర్ ఫ్యాక్టరీలో పని దొరికింది. అక్కడే 28 ఏళ్ళు చేశారు.

పగలు కార్ల బిగింపు, మిగతా వేళల్లో రాత. యూనియన్‌లో పనిచేశారు. నల్లవాళ్ళకి తిండి పెట్టని హోటళ్ళ ముందు ధర్నాలు చేశారు. ఎడమపక్షం పత్రికలకి రాశారు. ఉత్తరాలు రాసిపెట్టే అలవాటు మాత్రం పోలేదు. ఇరుగుపొరుగులో ఎవరికి ఆఫీసు కాగితం అర్థం కాకపోయినా జిమ్మీ దగ్గరికే వచ్చేవారు.

పెళ్ళి

1953లో గ్రేస్ "కరస్పాండెన్స్" అనే చిన్న కార్మిక పత్రికలో పనిచేయడానికి డెట్రాయిట్ వచ్చారు. జిమ్మీ కూడా అందులోనే రాసేవారు. ఒకరోజు గ్రేస్ ఆయన్ని రాత్రి భోజనానికి పిలిచారు. ఆయన గంట ఆలస్యంగా వచ్చారు. వండిన గొర్రె మాంసం నచ్చలేదన్నారు. పెట్టిన పాట రికార్డూ నచ్చలేదన్నారు. ఆ రాత్రే పెళ్ళి చేసుకుంటావా అని అడిగారు. ఆవిడ సరేనన్నారు.

ఇది అమ్మమ్మకి చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వింది. "మాంసం బాగాలేదన్నవాణ్ణి ఎలా చేసుకుందే?" అంది.

నవ్వు పక్కన పెడితే, అది తేలికైన పెళ్ళి కాదు. అప్పటికి చాలా రాష్ట్రాల్లో జాతులు దాటిన పెళ్ళిళ్ళని చట్టం ఒప్పుకునేది కాదు. ఆ చట్టాలని సుప్రీం కోర్టు కొట్టేసింది 1967లో. మిషిగన్‌లో అలాంటి అడ్డు లేదు. కానీ నల్లజాతి ఫ్యాక్టరీ కార్మికుడూ, చైనా కుటుంబం నుంచి వచ్చిన తత్వశాస్త్రం డాక్టరూ ఒక ఇంట్లో కాపురం చేస్తుంటే, ఎఫ్‌బీఐ వాళ్ళకే అర్థం కాలేదు. వాళ్ళ ఫైల్లో గ్రేస్‌ని బహుశా ఆఫ్రికా, చైనా కలిసిన మనిషి అని రాసుకున్నారు. ఆవిడ ఆ వీధిలో అంతగా కలిసిపోయారు.

ఊరికి ముందు వచ్చింది జిమ్మీ. అందుకే మొదట్లో గ్రేస్ ఎక్కువ మాట్లాడలేదు, వినేవారు. తనకి ఆ ఊరి గురించి ఏమీ తెలియదని ఆవిడకి తెలుసు. జిమ్మీ రాసేవారు, గ్రేస్ టైపు చేసి, వాదించి, దిద్దేవారు. ఆయనకి కాలేజీ చదువు లేదు. ఆవిడకి ఫ్యాక్టరీ తెలియదు. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంది.

వీధి

1962లో ఇద్దరూ డెట్రాయిట్ తూర్పు వైపున ఫీల్డ్ స్ట్రీట్‌లో ఒక ఇటుక ఇంట్లోకి మారారు. చివరిదాకా అదే ఇల్లు. మేం పిక్నిక్‌కి వెళ్ళిన బెల్ ఐల్ వంతెన నుంచి అక్కడికి రెండు మైళ్ళు కూడా ఉండదు. చిన్నప్పుడు మా కారు ఆ ఇంటికి అంత దగ్గరగా వెళ్ళింది, తలుపులు లాక్ వేసుకుని.

ఆ ఇంట్లో బల్ల చుట్టూ ఊరి చరిత్రలో సగం జరిగింది. 1963 జూన్ 23న మార్టిన్ లూథర్ కింగ్‌తో డెట్రాయిట్‌లో లక్షమందికి పైగా నడిచారు. అదే ఏడాది నవంబరులో అక్కడ జరిగిన ఒక సభలో మాల్కం ఎక్స్ ఇచ్చిన ప్రసంగం ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. ఆ సభ ఏర్పాటు చేసినవాళ్ళలో ఈ ఆలుమగలు ఉన్నారు.

1963లోనే జిమ్మీ ఒక చిన్న పుస్తకం రాశారు. దాని పేరు "ది అమెరికన్ రెవల్యూషన్". ఫ్యాక్టరీలోకి కొత్త యంత్రాలు వస్తున్నాయి, ముందు ముందు ఇంతమంది పనివాళ్ళు అక్కర్లేదు, జీతం పెంచమని అడిగే యూనియన్‌కి ఈ ప్రశ్నకి జవాబు తెలియదు అని అందులో చెప్పారు. బిగింపు లైను మీద నిలబడి చూసిన మనిషి రాసిన మాట అది. ఇంగ్లండు నుంచి బెర్ట్రాండ్ రస్సెల్ చదివి ఉత్తరం రాశారు. మా నాన్న కార్ల కంపెనీలో ఇంజినీరు. రోబో చేతుల ప్రోగ్రాములు చూస్తారు. ఈ పేరా చదివి వినిపిస్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఏ ఏడాది అన్నావు?" అని మళ్ళీ అడిగారు.

1967 జూలైలో డెట్రాయిట్ తగలబడింది. పోలీసుల మీద కోపం ఎన్నో ఏళ్ళుగా పేరుకుపోయి ఒక్కసారిగా బయటపడింది. 43 మంది చనిపోయారు. ఆ రోజుల్లో జిమ్మీ, గ్రేస్ ఊళ్ళోనే లేరు, కాలిఫోర్నియాలో ఉన్నారు. కానీ తిరిగివచ్చాక ఇద్దరూ తమని తాము ఒక ప్రశ్న అడుగుకున్నారు. కోపంతో లేవడం తిరుగుబాటు. తిరుగుబాటు అయ్యాక మర్నాడు పొద్దున ఏం చేయాలి? ఊరిని నడపడం ఎలాగో ఎవరు నేర్పుతారు? అప్పటినుంచి వాళ్ళ పని మెల్లగా మారింది. ఏది వద్దో చెప్పడం తగ్గి, ఏది కావాలో చేసి చూపించడం పెరిగింది.

ఇక్కడ ఊరి గురించి ఒక లెక్క చెప్పాలి. 1950లో డెట్రాయిట్ జనాభా సుమారు 18 లక్షల 50 వేలు. 2010 నాటికి 7 లక్షల 14 వేలు. ఫ్యాక్టరీలు వెళ్ళిపోయాయి. తెల్లవాళ్ళు శివార్లకి వెళ్ళిపోయారు. తర్వాత చేతనైన నల్లవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. మా అమ్మానాన్నల్లాంటి వాళ్ళు వచ్చి నేరుగా ఆ శివార్లలోనే దిగారు. ఫీల్డ్ స్ట్రీట్ ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది.

మేయరుతో గొడవ

1973 ఎన్నికల్లో డెట్రాయిట్ మొదటి నల్లజాతి మేయరుగా కోల్‌మన్ యంగ్ గెలిచారు. ఊరు నల్లవాళ్ళ చేతికి రావాలని జిమ్మీ 1960ల నుంచి రాస్తూనే ఉన్నారు. అది జరిగింది. కానీ 15 ఏళ్ళ తర్వాత అదే మేయరుతో ఎదురు నిలబడాల్సి వచ్చింది.

ఊళ్ళో పని లేదు, కాబట్టి జూదశాలలు తెద్దాం, ఉద్యోగాలు వస్తాయి అన్నారు మేయరు. జూదం మీద ఊరు బతకకూడదని చర్చిలవాళ్ళు, యూనియన్లవాళ్ళు, వీధి సంఘాలవాళ్ళు ఒకటయ్యారు. ఆ కూటమిలో జిమ్మీ, గ్రేస్ ఉన్నారు. మరి మీ దగ్గర వేరే దారి ఏముంది అని మేయరు వాళ్ళని నిలదీశారు.

నాకు ఇష్టమైన భాగం ఇదే. జిమ్మీ ఆ ప్రశ్నని తిట్టుగా తీసుకోలేదు. సరైన ప్రశ్నే అనుకున్నారు. కూర్చుని జవాబు తయారు చేశారు. పెద్ద కంపెనీ ఒకటి వచ్చి కాపాడుతుందని ఎదురుచూడటం మానేసి, మనకి కావలసిన తిండి, బట్ట, మరమ్మతులు మనమే చిన్న చిన్న దుకాణాల్లో, తోటల్లో తయారుచేసుకుందామన్నారు. పిల్లల చదువు ఈ ఊరి పనితోనే కలిసి ఉండాలన్నారు. 1988లో ఓటర్లు జూదశాలలు వద్దన్నారు.

కథ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. 1996లో రాష్ట్రం మొత్తం మీద జరిగిన ఓటింగులో జూదశాలలకి అనుమతి వచ్చింది. 1999లో మొదటిది తెరిచారు. ఇప్పుడు డెట్రాయిట్‌లో మూడు ఉన్నాయి. జిమ్మీ అవి చూడలేదు. గ్రేస్ చూశారు.

శవాలు, పాటలు, మొక్కలు

1980లలో ఆ ఊరిని క్రాక్ అనే మత్తుమందు, దానితోపాటు తుపాకులు పట్టి పీడించాయి. పిల్లలు పిల్లల్ని కాల్చుకున్నారు. కొడుకుని పోగొట్టుకున్న క్లెమెంటీన్ బార్‌ఫీల్డ్ అనే తల్లి, తనలాంటి తల్లులని కలిపి 1987లో ఒక సంఘం పెట్టారు. కొడుకులని, కూతుళ్ళని కాపాడుకుందాం అనే అర్థం వచ్చే పేరు దానిది. గ్రేస్ ఆ సంఘం పత్రికకి సంపాదకురాలిగా పనిచేశారు. హెగెల్ తత్వం మీద రాసిన చెయ్యి, 70 ఏళ్ళు దాటాక, చనిపోయిన పిల్లల గురించి తల్లులు చెప్పింది రాసింది.

ఇంకో సంఘం మత్తుమందు అమ్మే ఇళ్ళ ముందు వారం వారం నడిచేది. వీధులు మళ్ళీ మావి అని నినాదాలు ఇస్తూ, పాడుతూ వెళ్ళేవారు. జిమ్మీ, గ్రేస్ ఆ నడకల్లో ఉన్నారు. తుపాకులున్న ఇళ్ళ ముందు నడిచేనాటికి ఇద్దరివీ 70 ఏళ్ళు దాటిన, దాటబోతున్న వయసులు.

1992లో ఇద్దరూ మిత్రులతో కలిసి "డెట్రాయిట్ సమ్మర్" మొదలుపెట్టారు. ఎండాకాలం సెలవుల్లో యువకులు వచ్చి ఖాళీ స్థలాల్లో తోటలు వేయడం, గోడల మీద బొమ్మలు వేయడం, పెద్దవాళ్ళతో కూర్చుని ఊరి గురించి మాట్లాడటం. 1964లో మిసిసిపీకి విద్యార్థులు వెళ్ళి ఓటరు నమోదు చేసిన వేసవి దీనికి ఆదర్శం. అప్పటికే డెట్రాయిట్‌లో దక్షిణాది పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్ళు ఖాళీ స్థలాల్లో కూరగాయలు పండిస్తున్నారు. ఆ విద్య మనవల దాకా చేరలేదు. ఈ వేసవి దాన్ని చేరవేసింది.

జిమ్మీకి అప్పటికే క్యాన్సర్. 1993 జూలై 22న ఫీల్డ్ స్ట్రీట్‌లో ఆ జంట ఒంటరిదైంది. మొదట "ఆ జంట విడిపోయింది" అని రాశాను. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "విడిపోవడమంటే విడాకులు. పోయారని రాయి" అంది. సరే. జిమ్మీ పోయారు. ఆయన వయసు 74.

తర్వాత

78 ఏళ్ళ గ్రేస్ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. 1995లో మిత్రులు ఆ ఇంట్లోనే ఇద్దరి పేరుతో ఒక కేంద్రం పెట్టారు. 1998లో ఆవిడ ఆత్మకథ "లివింగ్ ఫర్ చేంజ్" వచ్చింది. 2011లో, 95 ఏళ్ళు దాటాక, ఇంకో పుస్తకం. 2013లో డెట్రాయిట్ నగరం దివాలా తీసింది. అదే ఏడాది ఊరి తూర్పు వైపున జిమ్మీ, గ్రేస్ పేర్లతో ఒక బడి తెరిచారు. అక్కడి పిల్లలు తమ చుట్టుపక్కల వీధుల్నే పాఠంగా చదువుతారు. 2015 జూన్‌లో ఆవిడకి 100 ఏళ్ళు నిండాయి. అక్టోబరు 5న అదే ఇంట్లో కన్నుమూశారు.

మార్చిలో ఒక ఆదివారం నేను ఫీల్డ్ స్ట్రీట్‌కి ఒక్కదాన్నే కారులో వెళ్ళాను. కొన్ని ఇళ్ళు అందంగా ఉన్నాయి, కొన్నిచోట్ల ఖాళీ స్థలాలు. ఒకాయన మెట్ల మీద మంచు తీస్తూ "దారి తప్పారా?" అని అడిగారు. లేదని, ఆ ఇల్లు చూడాలని వచ్చానని చెప్పాను. చేత్తో చూపించారు. నేను తలుపు కొట్టలేదు. కొట్టి ఏం చెప్పాలో తెలియలేదు. 25 మైళ్ళ దూరంలో పెరిగానని చెప్పడానికి సిగ్గేసింది.

వాళ్ళు గెలిచారా?

ఈ ప్రశ్న నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. జూదశాలలు వచ్చాయి. జనం వెళ్ళిపోయారు. ఊరు దివాలా తీసింది. 62 ఏళ్ళ పనికి మిగిలింది కొన్ని తోటలు, ఒక బడి, కొన్ని పుస్తకాలా?

అమ్మమ్మని అడిగాను. ఆవిడ జవాబుగా తన ఊరి కథ ఒకటి చెప్పింది. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరు ఆ ఇంటిని వెలివేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాలేదు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి వెళ్ళి తనే నీళ్ళు మోసుకొచ్చి పెళ్ళి వంటలు చేశారు. "పంతులుగారి విగ్రహం అందరికీ తెలుసు. ఆ బిందె ఎవరికి తెలుసు?" అంది. "ఆవిడ ఒక్క పెళ్ళికే మోసిందా? ఆ తర్వాత ఇంటికి చేరిన వితంతువులందరికీ మోసింది. ఊళ్ళో విధవలందరికీ పెళ్ళిళ్ళయ్యాయా? కాలేదు. అలాగని మోయకుండా ఉండాల్సిందా?"

అప్పుడు ఒక సంగతి గమనించాను. వీరేశలింగంగారు మద్రాసులో కన్నుమూసింది 1919 మే 27న. జిమ్మీ బాగ్స్ అలబామాలో పుట్టింది అదే రోజు. దానికి అర్థమేమీ లేదని నాకు తెలుసు. రెండు తారీఖులు కలవడం అంతే. కానీ నా రెండు ఊళ్ళు ఒకే రోజు మీద కలవడం ఇదే మొదటిసారి. నోట్‌బుక్‌లో ఆ తేదీ కింద గీత గీసుకున్నాను.

ఇప్పుడు నాకు అనిపించేది ఇది. జిమ్మీ, గ్రేస్ ఊరిని కాపాడలేకపోయారు. ఇద్దరు మనుషులు అంత పెద్ద ఊరిని కాపాడలేరు. కానీ ఆ ఊళ్ళో ప్రతి పదేళ్ళకీ ఒక కొత్త కష్టం వచ్చినప్పుడు, ఏం చేయాలో కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక ఇల్లు తెరిచి ఉండేది. వాళ్ళు ఆ వీధి వదల్లేదు కాబట్టే అది సాధ్యమైంది. "మన ఊరు కాదు కదా" అనడానికి గ్రేస్‌కి నాన్న కన్నా ఎక్కువ కారణాలున్నాయి. ఆవిడ అనలేదు.

నాన్నని తప్పుపట్టడం లేదు. ఆయన మీద వీసా భయాలు, ఉద్యోగ భయాలు ఎన్నేళ్ళు ఉన్నాయో నాకు తెలుసు. ఎప్పుడు పంపించేస్తారో తెలియని చోటుని ఊరు అనుకోవడం కష్టం. కానీ ఆ కాగితాలు వచ్చి చాలా ఏళ్ళయింది. భయం పోయినా అలవాటు మిగిలిపోయింది.

మే నెల

ఈ మే నెలలో మళ్ళీ ఓటు కాగితం వచ్చింది. దాని మీద ఒకటే ప్రశ్న, మా ఊరి లైబ్రరీ పన్ను. మామూలుగా అయితే అది చెత్తబుట్టలోకి పోయేది. నేను దాన్ని భోజనాల బల్ల మీద పెట్టాను.

"ఒక మిల్లు అంటే ఎంత?" అన్నారు నాన్న. ఇంటికి పన్ను కోసం కట్టిన విలువలో ప్రతి వెయ్యి డాలర్లకీ ఒక డాలరు అని చెప్పాను. ఫోను తీసి లెక్క వేసుకున్నారు. "దేనికి వాడతారట?" అన్నారు. తెలిసినంత చెప్పాను. ఆ తర్వాత, నేను ఎప్పుడూ ఇంట్లో చెప్పని మాట ఒకటి చెప్పాను. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఆ లైబ్రరీలో ఉన్న తెలుగు పుస్తకాల అరలోంచి. పిల్లల కథల పుస్తకాలు 30 ఉంటాయేమో. ఎవరు అడిగి పెట్టించారో తెలియదు. ఎవరో ఒకరు అడిగి ఉండాలి కదా.

నాన్న పెన్ను తీసి గుండ్రం నింపారు. అవును నింపారో కాదు నింపారో నేను చూడలేదు. ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళి లైబ్రరీ బయట ఉన్న పెట్టెలో వేశాం. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. నాన్న ఆగి చదివారు.

"బోర్డు మీటింగట. మంగళవారం రాత్రి ఏడింటికి. ఎవరైనా రావచ్చట" అన్నారు.

"వెళ్దామా?" అన్నాను.

"తెలుగు పుస్తకాల గురించి నువ్వు మాట్లాడు. నేను పక్కన కూర్చుంటాను" అన్నారు.

వెళ్ళొచ్చాక రాస్తాను.